తూకం ముల్లు చూపించనిది

అంగన్‌వాడీ కేంద్రంలో నెలకోసారి పిల్లల్ని తూస్తారు. కిందటి నెల కంటే పెరిగితే సరే, లేకుంటే తల్లికి నాలుగు మాటలు చెప్పి పంపుతారు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైన నాటి నుంచి ఈ పద్ధతి బాగానే నడిచింది. అప్పటి భయమల్లా బిడ్డ బక్కచిక్కిపోతుందనే. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఇళ్లలో ఇప్పుడు ఆ భయం పోలేదు గానీ, దాని పక్కనే ఊబకాయం భయం కూడా వచ్చి కూర్చుంది.

2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. అదే సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అంటే పొట్టి బిడ్డ, లావు తల్లి ఒకే కంచం ముందు కూర్చుంటున్న ఇళ్లు తక్కువేమీ కావు. అయిదేళ్లలోపు అధిక బరువు పిల్లలు దేశం మొత్తంలో 2.1 శాతం నుంచి 3.4 శాతానికి చేరారు. ఇది చిన్న అంకెలాగే కనిపిస్తుంది. ఇంత చిన్న అంకె కోసం పాలు తాగే వయసు నుంచే జాగ్రత్తలా అని అడిగేవాళ్లూ ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు పుణె పక్క పల్లెల్లో దొరికింది.

కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993లో అక్కడ ఆరు పల్లెల్లో గర్భిణుల అధ్యయనం మొదలుపెట్టింది. ఆ తల్లులకు పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. పోల్చి చూసిన ఇంగ్లాండులోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. ఎనిమిది వందల గ్రాముల తేడా ఎక్కడుందో వెతికితే కండలో ఉంది, పొట్టలోని అవయవాల్లో ఉంది. వీపు మీద చర్మం మడత కింద కొవ్వు మాత్రం దాదాపు ఇంగ్లాండు బిడ్డలకు సమానంగానే ఉంది. సన్నంగా కనిపిస్తూ లోపల కొవ్వు దాచుకున్న శరీరం మనవాళ్లకు పుట్టుకతోనే వస్తోందన్న మాట. 2004లో యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి కొలతలనే పక్కపక్కన పెట్టి అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే ఇక్కడ 3.4 శాతం అన్న లెక్క అసలు ముప్పును తక్కువ చేసి చూపిస్తుంది.

ఇలాంటి శరీరంతో పుట్టిన బిడ్డకు తిండి తగ్గించాలా, పెంచాలా? దేనికి పెంచాలన్న దాన్ని బట్టి ఉంటుంది. ఢిల్లీతో కలిపి బ్రెజిల్, గ్వాటెమాలా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికాల్లో పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా వెంబడించిన పిల్లల వివరాలను 2013లో ఒకచోట చేర్చి చూశారు. మొదటి రెండేళ్లలో ఎత్తు బాగా పెరిగినవాళ్లు పెద్దయ్యాక పొడుగ్గా ఉన్నారు, ఎక్కువ చదివారు. ఆ వయసు దాటాక, ముఖ్యంగా నాలుగేళ్ల తర్వాత, ఎత్తుకు మించి బరువు పెరిగినవాళ్లలో పెద్దయ్యాక కొవ్వు ఎక్కువగా కనిపించింది. ఢిల్లీ బృందం 2004లోనే ఇంకో మాట చెప్పింది: చక్కెర జబ్బు వైపు వెళ్లినవాళ్లు రెండేళ్ల వయసులో బక్కగా ఉండి, ఆ తర్వాత పన్నెండేళ్లలోపు బీఎంఐ చకచకా పెరిగినవాళ్లు. పన్నెండేళ్లకు వాళ్లను చూసి లావు అనేవాళ్లు కూడా ఎవరూ లేరు.

మన భాషవాళ్ల మీదే జరిగిన ప్రయోగం కూడా ఒకటుంది. 1987–90లో హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో, కొన్నిచోట్ల గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు, కొన్నిచోట్ల ఇవ్వలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్లకు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు తిరిగి వెళ్లి కొలిచారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, కొవ్వు మాత్రం పెరగలేదు. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేసే గుణం దాదాపు 20 శాతం తక్కువగా ఉంది. కడుపులో ఉన్నప్పుడు, చిన్నతనంలో సరైన తిండి పెడితే పిల్లలు లావైపోతారన్న భయం అక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఊబకాయం పేరు చెప్పి పసిబిడ్డకు నెయ్యి చుక్క మానిపించడం తెలివైన పని కాదు.

కొలత దగ్గరికి వద్దాం, ఎందుకంటే చాలా తప్పులు అక్కడే పుడతాయి. బరువు తూచడం సులువు, ఎత్తు కొలవడం కష్టం. అందుకే ఎత్తు రాయాల్సిన గడిలో చాలాసార్లు ఉజ్జాయింపు అంకె పడుతుంది. రెండేళ్లలోపు బిడ్డను పలక మీద పడుకోబెట్టి కొలవాలి, దాటినవాళ్లను నిలబెట్టి కొలవాలి. పడుకోబెట్టిన కొలత కంటే నిలబెట్టిన కొలత సగటున 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. ఏది ఎలా కొలిచారో రాయకపోతే రెండో పుట్టినరోజు దాటగానే బిడ్డ కుంచించుకుపోయినట్టు పట్టికలో కనిపిస్తుంది. పడుకోబెట్టేటప్పుడు ఇద్దరుండాలి: ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు మెల్లగా నొక్కి పాదాలకు పలక ఆనించాలి. ఒక్క కార్యకర్తే చేస్తే మోకాలు వంగి సెంటీమీటరో రెండో పోతాయి.

ఆ సెంటీమీటర్ల విలువ ఎంతో ఒక లెక్కలో చూడవచ్చు. సరిగ్గా ఆరేళ్ల బాబు 24 కిలోలు, 115 సెంటీమీటర్లు అనుకుందాం. మీటర్లలో ఎత్తును ఎత్తుతో గుణించి, దానితో బరువును భాగిస్తే బీఎంఐ 18.1. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసు బాబుకు 16.8 దాటితే అధిక బరువు, 18.5 దాటితే ఊబకాయం. జడిసి వంగి నిలబడ్డ వాడి ఎత్తు 112 అని రాసుకుంటే బీఎంఐ 19.1కి ఎగబాకుతుంది, బాబు ఊబకాయుల జాబితాలో చేరిపోతాడు. మూడు సెంటీమీటర్లతో పేరే మారిపోయింది. అయిదేళ్లు నిండని పిల్లలకు గీతలు వేరు: అక్కడ ఎత్తుకు తగ్గ బరువులో ప్లస్ 2 ఎస్‌డీ దాటితే అధిక బరువు, ప్లస్ 3 ఎస్‌డీ దాటితే ఊబకాయం (పిల్లల కొలతలు నడిమి అంకెకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలమానమే ఎస్‌డీ). అయిదు నుంచి 18 ఏళ్లదాకా వాడేందుకు భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో వేరే పట్టిక తెచ్చింది. పెద్దవాళ్ల 23, 27 బీఎంఐలకు సరితూగే గీతలు అందులో ఉన్నాయి. బడిలో ఒక పట్టిక, ఆసుపత్రిలో ఒక పట్టిక వాడి రెండింటి శాతాలనూ పోల్చి వార్త రాసేవాళ్లు ఈ తేడా చూసుకుంటే మేలు.

ఒక్కనాటి అంకె కంటే గీత నడక ముఖ్యం. బీఎంఐ మొదటి ఏడాదిలో పెరిగి, నడక వచ్చాక మెల్లగా దిగుతుంది. అయిదారేళ్లకు అట్టడుగుకు వెళ్లి మళ్లీ లేస్తుంది. మూడు నాలుగేళ్లకే లేవడం మొదలైతే అది తొలి హెచ్చరిక. మన దగ్గర చిక్కేమిటంటే సరిగ్గా ఆ వయసులో, పక్కలు సన్నబడి పొడుగు సాగుతున్న బిడ్డను చూసి "చిక్కిపోయినాడు" అని బంధువులు బెంగపడతారు. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నాడనడానికి ఉన్న ఆనవాలునే జబ్బు అనుకుని తిండి పెంచుతారు.

ఇలాంటి పొరపాటే అంతకు ముందే, ఏడాది వయసులో ఒకటి జరుగుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ అయిదో నెలకు సుమారు ఆరు, ఏడాదికి తొమ్మిది కిలోలు అవుతుంది. మొదటి ఏడాది ఆరు కిలోలు పెరిగిన బిడ్డ రెండో ఏడాదిలో రెండున్నర కిలోలే పెరుగుతుంది, ఆ తర్వాత ఏటా రెండు కిలోలు. పెరుగుదల అంత తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. ఏడాది నిండిన బిడ్డ రెండు ముద్దలు తిని మొహం తిప్పుకుందంటే చాలావరకు కారణం ఇదే. ఇంట్లోవాళ్లకు ఆ లెక్క తెలియదు. అవ్వ గిన్నె పట్టుకుని వెంటబడుతుంది, అమ్మ ఫోను చేతికిస్తుంది. వెనకటి రోజుల్లో కాకిని, కుక్కను చూపించి తినిపించేవారు. ఇదీ అంతే కదా అనిపిస్తుంది గానీ, కాకి ఎగిరిపోయేది, ఫోను ఎగిరిపోదు. బొమ్మ కదులుతున్నంతసేపూ నోరు తెరుచుకుంటుంది, కడుపు నిండిన కబురు మెదడుకు అందినా బిడ్డ పట్టించుకోదు. తన ఆకలికి తానే కొలత అన్న సంగతి ఆ బిడ్డ మరిచిపోవడానికి కొన్ని నెలలు చాలు.

పెద్దవాళ్లు చేయవలసింది ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించడం. ఎంత తినాలన్నది బిడ్డ నిర్ణయం. తల తిప్పడం, నోరు బిగించడం, చెంచా తోసేయడం, గిన్నెతో ఆటలాడటం చాలన్నదానికి గుర్తులు. ఒక పూట ఇరవై, ముప్పై నిమిషాలకు మించి సాగదీయకూడదు. ఈ పూట తగ్గింది తర్వాతి పూటకు సర్దుకుంటుంది, మధ్యలో బిస్కెట్టు ఇచ్చి బుజ్జగించకపోతే.

పరిమాణాలూ తెలిసి ఉండాలి. ఆరు నెలలు నిండగానే రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి, 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిది నుంచి పదకొండు నెలలకు అర గిన్నె, మూడు నాలుగు సార్లు. ఏడాది దాటితే ముప్పావు నుంచి నిండు గిన్నె. ఈ కాలం పొడవునా తల్లిపాలు సాగుతూనే ఉండాలి. మన ప్రాంతంలో తొలి ముద్ద చాలా ఇళ్లలో రాగి జావే. రాగులు మంచివే, నూరు గ్రాముల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. జావ చేసే తీరులోనే పొరపాటు ఉంది. గ్లాసు నీళ్లలో చెంచా పిండి కలిపి, బెల్లం వేసి, పాల సీసాలో పోస్తారు. చిన్న పొట్ట నీళ్లతో నిండుతుంది, శక్తి బెల్లం నుంచి వస్తుంది, ఎత్తు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు మాత్రం అందవు. బరువు పెరిగి ఎత్తు పెరగని బిడ్డ ఇలాగే తయారవుతుంది.

రాగుల్ని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి ఒకటిన్నర రోజు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పొడి కొట్టాలి. మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి అదే పలుచదనంతో ఎక్కువ పిండి పడుతుంది. మూడు వంతుల రాగి పొడికి ఒక వంతు వేయించిన పెసరపప్పు పొడి కలిపి, చెంచా వంచితే జారిపడకుండా నిలిచేంత చిక్కగా ఉడికించి, అర చెంచా నెయ్యి వేస్తే చాలు. ఏడాది లోపు ఉప్పు, చక్కెర, తేనె వద్దు. రెండేళ్ల దాకా చక్కెర కలపవద్దన్నది జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల మాట కూడా. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో చక్కెర ముందే కలిసి ఉంటుంది, ఇంట్లో మళ్లీ వేయడం అనవసరం. ఎనిమిదో నెల నుంచి మెదిపిన సంగటి, పప్పు, గుడ్డు, మెత్తగా ఉడికిన పితికిపప్పు, అలసందలు ఒక్కొక్కటే అలవాటు చేయవచ్చు. ఇంట్లో వండినదే కారం పడకముందు తీసి పెడితే బిడ్డకు వేరే వంట అక్కర్లేదు.

పాల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఇది పాడి జిల్లా, పాలకు కొదవ లేదు, "పాలు తాగితే చాలు" అన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 400–500 మిల్లీలీటర్లు మించితే అన్నం మీద ఆకలి చస్తుంది, ఇనుము తక్కువై రక్తం పలుచబడుతుంది. గ్లాసులో రెండు చెంచాల చక్కెర అంటే పది గ్రాములు. దానికి ఇరవై గ్రాముల మాల్ట్ పొడి కలిపితే, అందులో మూడో వంతు చక్కెరే అనుకున్నా, ఇంకో ఆరేడు గ్రాములు. రోజుకు రెండు గ్లాసులతో ముప్పై గ్రాములు దాటింది. పెద్దవాళ్లకే 25 గ్రాములకు మించవద్దంటుంటే, ఇది బలానికని ఇస్తున్నాం. మామిడి జిల్లాలో మామిడి సీసా పానీయం పరిస్థితీ అంతే: చాలావాటిలో గుజ్జు అయిదో వంతుకు మించదు, మిగతాది నీళ్లూ చక్కెరా. తోటలో కోసిన కాయను ఫ్యాక్టరీకి పంపి, చక్కెర నీళ్లను డబ్బిచ్చి తిరిగి కొనుక్కుంటున్నాం.

నిద్రను ఊబకాయంతో ముడిపెట్టేవాళ్లు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం నాలుగు నుంచి పదకొండు నెలల బిడ్డకు 12–16 గంటలు, ఒకటి రెండేళ్లకు 11–14 గంటలు, మూడు నాలుగేళ్లకు 10–13 గంటల నిద్ర కావాలి. తిరుపతి లాంటి యాత్రా పట్టణంలో హోటళ్లలో, ట్యాక్సీల్లో, దుకాణాల్లో పనిచేసే తండ్రి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. నాన్న ముఖం చూడాలని బిడ్డను మేలుకోబెడతారు, ఆ వేళప్పుడు పొట్లంలో ఏదో ఒకటి వస్తుంది. పొద్దున్నే బడి బస్సు ఆగదు. ఇది నేరమేమీ కాదు, కానీ సలహా చెప్పేవాళ్లు ఈ ఇంటి గడియారం చూడకుండా తొమ్మిదింటికే పడుకోబెట్టమంటే ఆ మాట గాలికి పోతుంది.

ఇక సలహాలతో నిజంగా ఫలితం వస్తుందా? తల్లిపాలు పట్టిస్తే చాలు ఊబకాయం రాదన్న నమ్మకాన్ని బెలారస్‌లో 31 ఆసుపత్రులు, 17 వేల మంది తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగం నిలబెట్టలేదు. తల్లిపాలు పట్టడం బాగా పెరిగింది, పిల్లల ఊబకాయం మాత్రం తగ్గలేదు. తల్లిపాలకు వేరే వంద కారణాలున్నాయి, లేని కారణాన్ని అంటగట్టనక్కర్లేదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 279 మంది తొలిచూలు తల్లులకు నర్సులు ఇంటికెళ్లి, ఏడ్చిన ప్రతిసారీ నోట్లో ఏదో పెట్టకుండా ముందు ఎత్తుకోవడం, కడుపు నిండిన గుర్తులు పట్టడం, నిద్ర అలవాటు చేయడం నేర్పారు. మూడేళ్లకు ఆ పిల్లల బీఎంఐ కొంత తక్కువగా ఉంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 800 కుటుంబాలతో చేసినదానిలో తిండి, ఆటల సలహా పనిచేయలేదు, నిద్ర నేర్పిన కుటుంబాల్లో మాత్రం రెండేళ్లకు ఊబకాయం దాదాపు సగమైంది. సిడ్నీలో ఎనిమిది సార్లు ఇంటికెళ్లిన ప్రయోగంలో రెండేళ్లకు కనిపించిన తేడా అయిదేళ్లకు మాసిపోయింది.

ఇలాంటి 17 ప్రయోగాల్లోని తొమ్మిది వేలకు పైగా పిల్లల వివరాలను విడివిడిగా తీసుకుని కలిపి చూసిన విశ్లేషణ 2025లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తల్లిదండ్రులకు మాత్రమే నేర్పిన ప్రయోగాలతో రెండేళ్ల వయసులో బీఎంఐలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని తేలింది. దీన్ని "ఏం చేసినా ఒకటే" అని చదువుకుంటే పొరపాటు. బిడ్డ చుట్టూ ఉన్న మిగతావన్నీ అలాగే ఉంచి, తల్లి ఒక్కదాని నెత్తిన బరువు పెడితే చాలదన్నదే అందులోని సారం. మన ఇళ్లలో ఇది ఇంకా నిజం. కోడలికి ఎంత నేర్పినా గిన్నె అత్తగారి చేతిలో ఉంటుంది, చిల్లర తాతయ్య జేబులో ఉంటుంది. బడికి 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారాలు అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. టేపు పట్టుకుని ఏ బడి గేటు దగ్గర కొలిచినా అది ఎంతవరకు అమలవుతోందో తెలిసిపోతుంది.

కాబట్టి తిరుపతి, చిత్తూరుల్లో ఎవరైనా ఇలాంటి అధ్యయనం తలపెడితే దాని రూపం వేరుగా ఉండాలి. సలహాలు ఎవరికి అందాలో, ఎవరికి అందకూడదో పిల్లల్ని ఒక్కొక్కరిగా కాకుండా అంగన్‌వాడీ కేంద్రాల వారీగా చీటీ తీయాలి. ఒకే వీధిలో ఒక తల్లికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే కుళాయి దగ్గరే విషయం కలిసిపోతుంది. బీఎంఐలో 0.2 ఎస్‌డీ తేడా పట్టుకోవాలంటే ఒక్కో వైపు సుమారు 400 మంది పిల్లలు కావాలి. ఒకే కేంద్రం పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి, కేంద్రానికి 20 మంది చొప్పున, ఆ పోలికను గణాంకాల లెక్కలో 0.02 అనుకుంటే 1.38తో గుణించాలి, దాదాపు 550 అవుతుంది. అయిదో వంతు మంది మధ్యలో జారిపోతారని లెక్కేస్తే ఒక్కో వైపు 690 మంది, 35 కేంద్రాలు. ప్రతి కొలతా ఇద్దరు విడివిడిగా తీయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికలు తయారు చేసినప్పుడు పొడవులో 7 మిల్లీమీటర్లు, బరువులో 100 గ్రాములు మించి తేడా వస్తే మళ్లీ కొలిచారు, ఇక్కడా అదే పాటించాలి. అత్తలకు, అవ్వలకు విడిగా కూర్చోబెట్టి చెప్పే రోజులు పథకంలోనే ఉండాలి. "ఏం పెడుతున్నావమ్మా" అని అడిగితే నేర్పిన జవాబే వస్తుంది కాబట్టి, నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా బిడ్డ నోట్లోకి ఏమేం వెళ్లిందో వరుసగా అడగాలి.

జారిపోవడం ఇక్కడ ప్రత్యేకంగా ఉంటుంది. కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది, ఆ పుట్టిల్లు వేలూరులోనో తిరుత్తణిలోనో ఉండవచ్చు. బిడ్డకు అయిదో నెల వచ్చాక గానీ తిరిగి రాదు. పుట్టిన బరువు, తొలి నెలల తూకం తమిళంలో రాసిన కార్డు మీద ఉంటాయి. కొంతమంది అటు నుంచి అటే బెంగళూరు వెళ్లిపోతారు. గర్భం ఏడో నెలలోనే పుట్టింటి ఫోన్ నంబరు, ఊరు రాసుకోకపోతే మొదటి అయిదు నెలలూ ఖాళీ గడులే మిగులుతాయి. సిడ్నీలో లాగా రెండేళ్ల తేడా తర్వాత మాసిపోయిందో లేదో తెలియాలంటే, బీఎంఐ అడుగుకు దిగి మళ్లీ లేచే ఆరో ఏట దాకా అవే ఇళ్లకు వెళ్లాలి. పరిశోధన గ్రాంట్లేమో ఎక్కువగా మూడేళ్లకే ముగుస్తాయి.